మాంసం కూరలో మసాలా: ఏది మేలు? ఏది కీడు?

పెనుగొండ అనగానే దూరప్రాంతాల వారికి వాసవీ కన్యకా పరమేశ్వరి ఆలయం గుర్తుకొస్తుంది. ఆర్యవైశ్యులకు ఇది పుణ్యక్షేత్రం. దర్శనానికి వచ్చేవారు చాలావరకు శాకాహారులే. కాని ఊరు దాటి ఏ పల్లెకైనా ఆదివారం పొద్దున్న పది గంటల వేళకు వెళ్ళి చూడండి. అల్లం వెల్లుల్లి నూరుతున్న వాసన, ధనియాలు వేగుతున్న వాసన వీధి మొదట్లోనే మిమ్మల్ని పలకరిస్తాయి. ఒక ఇంట్లో నాటుకోడి, పక్కింట్లో గోంగూర మాంసం, ఆ పైయింట్లో రొయ్యల ఇగురు!

ఇక సోమవారం ఉదయం ఆసుపత్రిలో నా ముందు కూర్చునేవారి మాట వినండి. ఒకరికి కడుపులో మంట, ఒకరికి విరేచనాలు, ఒకరికి ఆయాసం. రోగం ఏదైనా అందరూ చెప్పే కారణం మాత్రం ఒక్కటే: "నిన్న మసాలా పడలేదండి, డాక్టరు గారూ!"

మసాలా మీద ఇంతమంది మోపే ఈ నేరం ఎంతవరకు నిజం? ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

కనుమ మర్నాటి కథ

కొన్నేళ్ళ క్రితం కనుమ వెళ్ళిన మర్నాటి తెల్లవారుజామున ఒక పెద్దాయనను ఆటోలో తీసుకొచ్చారు. అరవై దాటిన రైతు. రక్తపు పోటు ఉంది, గుండె బలహీనంగా ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. ప్రాణవాయువు పెట్టి, నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చి, పెద్దాసుపత్రికి పంపడానికి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాం. అదృష్టవశాత్తూ రెండు గంటల్లో తేరుకున్నాడు.

"పండక్కి ఏం తిన్నారు?" అని అడిగాను.

ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ, "మీరు పథ్యం చెప్పిన దగ్గర్నుంచీ కారం, మసాలా మానిపించేశానండి. కోడికూర కూడా తెల్లగా వండి పెట్టాను. చప్పగా ఉంది, ముద్ద దిగటం లేదంటే పాపం అనిపించి రవ్వంత ఉప్పు ఎక్కువ వేశానండి. మూడు రోజులూ అదే కూర. మధ్యలో కాస్త ఆవకాయ ముక్క నంజుకున్నారు, అంతేనండి," అంది.

చూశారా! ఆ తల్లి ఎంతో శ్రద్ధగా పథ్యం చేసింది. కాని నిర్దోషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టి, దోషిని పీట వేసి కూర్చోబెట్టింది. అందులో తప్పు నాది కూడా ఉంది. "పథ్యం చెయ్యండి" అన్నానే గాని ఏది మానాలో, ఏది మాననక్కరలేదో విడమరిచి చెప్పలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కారం తింటే కడుపులో పుండు పడుతుందా?

మిరపకాయ మన దేశపు పంట కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ఓడల్లో 16వ శతాబ్దంలో మన తీరానికి చేరింది. అంతకు ముందు మన తాతముత్తాతలు మాంసానికి మిరియాల కారమే వాడుకున్నారు.

మిరపకాయకు ఆ మంట కాప్సైసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. నోట్లో వేడిని గుర్తించే నరాలను అది తట్టి లేపుతుంది. అంటే నిజంగా కాలకపోయినా కాలినట్టు మెదడుకు కబురు వెళుతుంది. ఈ రహస్యం విప్పిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రజ్ఞుడికి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. అందుకే కారం నషాళానికి అంటినప్పుడు చెంబుడు నీళ్ళు తాగినా లాభం ఉండదు. పెరుగన్నం రెండు ముద్దలు తింటే చల్లబడుతుంది.

ఇక కడుపులో పుండు సంగతి. మేము వైద్యం చదువుకునే రోజుల నాటికి పాత పుస్తకాలలో ఇంకా కారం, కంగారు, ఆమ్లం అని రాసి ఉండేది. కాని 1982లోనే ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు చాలా పుండ్లకు మూలం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి అని కనిపెట్టారు. 2005లో వారికి నోబెల్ బహుమతి ఇచ్చారు. రెండో కారణం, నొప్పుల మాత్రలు. నడుం నొప్పికి, మోకాళ్ళ నొప్పికి చీటీ లేకుండా కొనుక్కుని రోజూ మింగే మాత్రలు కడుపు గోడను తినేస్తాయి.

కాబట్టి ఆరోగ్యవంతుడికి మితమైన కారం పుండు పుట్టించదు. అయితే పుండు ఇదివరకే ఉన్నవారికి, ఛాతీలో మంట వచ్చేవారికి, మొలల బాధ ఉన్నవారికి కారం బాధను పెంచుతుంది. వారు తగ్గించుకోవలసిందే. మలం నల్లగా తారులా వస్తుంటే మాత్రం "మసాలా వేడి" అని మజ్జిగ తాగుతూ ఇంట్లో కూర్చోవద్దు. అది లోపల రక్తస్రావం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఉప్పు లెక్క

పెద్దవారికి రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక చిన్న చెంచాడు. కిలో మాంసానికి తల కొట్టిన చెంచాలు రెండు వేశారనుకోండి. నలుగురు తింటే ఒక్కొక్కరికి రెండున్నర, మూడు గ్రాములు ఆ కూరలోనే అందుతుంది. రోజు కోటాలో సగం ఒక్క పూటతో సరి! ఆ పైన పప్పు, చారు, అప్పడం, ఊరగాయ. ఆవకాయ ఏడాది పొడుగునా నిలవ ఉండేదే ఉప్పు బలంతో. మాంసం పచ్చడి, రొయ్యల పచ్చడి సంగతీ అంతే. ఉప్పు చేప గురించి వేరే చెప్పాలా?

ఉప్పు ఒంటరిగా రాదు, వెంట నీటిని తెస్తుంది. బలహీనమైన గుండె ఆ నీటిని తోడలేక ఊపిరితిత్తుల్లో నిలవేస్తుంది. మా పెద్దాయనకు జరిగింది అదే.

కొన్ని అపోహలు కూడా ఉన్నాయి. సైంధవ లవణం వాడితే పోటు పెరగదనుకుంటారు. రంగు, రాయి వేరైనా అది కూడా ఉప్పే. దుకాణాల్లో సోడియం తగ్గించిన ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది. కొందరికి అది మంచిదే. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల పోటు మాత్రలు వేసుకునేవారు దాన్ని వాడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. డాక్టరును అడగకుండా వాడకండి. టేస్టింగ్ సాల్ట్ విషమేమీ కాదు. కాని అందులోనూ సోడియం ఉంది, లెక్కలోకి తీసుకోవాలి.

మరి చప్పటి కూర తినేదెలా? ఇక్కడే మసాలా మనకు చుట్టమై వస్తుంది. వాసన, పులుపు, ఘాటు ఉన్న కూరలో ఉప్పు తగ్గినా నాలుక అంతగా పట్టించుకోదు. వేయించిన ధనియాలు, జీలకర్ర, దంచిన మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు, దించే ముందు నిమ్మరసం, కొత్తిమీర వేసి చూడండి. ఉప్పు మొదట్లో కాక చివర్లో, కొలిచి వేయండి. చేతి అంచనాతో వేయవద్దు. ఒకేసారి సగానికి తగ్గిస్తే ఇంట్లో గొడవలవుతాయి. వారానికి కొంచెం కొంచెంగా తగ్గించండి. కొన్ని వారాలలో నాలుకే అలవాటు పడుతుంది.

దినుసులు మందులా?

లవంగం, దాల్చినచెక్క, యాలక్కాయ, అనాసపువ్వు, జాపత్రి ఇవన్నీ సుగంధ తైలాలు గల దినుసులు. ఆకలి పుట్టిస్తాయి, నోరూరిస్తాయి. మాంసపు నీచు వాసనను కప్పుతాయి. పసుపు, మిరియాలు కలిపి వాడే మన అలవాటులో విశేషం ఉంది. మిరియాలలోని పైపెరిన్ వల్ల పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి ఎక్కువగా చేరుతుందని 1998లో మన దేశపు పరిశోధకులు ప్రకటించారు. అలాగని కూరలో చిటికెడు పసుపు చక్కెర వ్యాధిని గాని, కాన్సర్‌ని గాని నయం చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రుచికి వాడుకోండి, మందు మందులాగే వేసుకోండి.

ముదురు మాంసం మెత్తబడటానికి సోడా వేసేవారున్నారు. సోడా అంటే మళ్ళీ సోడియమే. దాని బదులు పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టించండి. అందులోని పపైన్ మాంసకృత్తులను విడగొడుతుంది. పెరుగులో నానబెట్టినా మంచిదే.

పులుపు, రక్తహీనత

గోంగూర, చింతచిగురు, మామిడికాయ వేసి మాంసం గాని, రొయ్యలు గాని వండటం మన గోదావరి వారికి తరతరాల అలవాటు. మాంసంలోని ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. అంతేకాక, పక్కనున్న ఆకుకూరలోని ఇనుము కూడా ఒంటబట్టేలా మాంసం సాయం చేస్తుంది. నిమ్మరసంలోని సి విటమిన్ కూడా అదే పని చేస్తుంది. కాబట్టి నెత్తురు తక్కువగా ఉన్న ఆడపిల్లలకు, గర్భిణీ స్త్రీలకు ఈ కూరలు మంచివి. కాని చాలా ఇళ్ళలో మగవారికి ముక్కలు, వండిన తల్లికి అడుగున మిగిలిన పులుసు! ఇది పథ్యం కాదు, అన్యాయం. అలాగే భోజనం అవగానే టీ తాగకండి. అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మూత్రపిండాలలో రాళ్ళు వచ్చేవారు మాత్రం గోంగూర తగ్గించుకోవాలి.

కొబ్బరి, గసగసాలు

కూర చిక్కగా రావాలని కొబ్బరి, గసగసాలు, జీడిపప్పు ముద్ద నూరి వేస్తాం. పచ్చికొబ్బరిలో బరువుకు దాదాపు 40 శాతం క్రొవ్వే. వేటమాంసంలో క్రొవ్వు, పైన తేలే నూనె, దానికి కొబ్బరిపాలు! గుండెజబ్బు ఉన్నవారి వాటాకు కొబ్బరి బదులు బాగా వేగిన ఉల్లిపాయ ముద్ద, పెరుగు వాడండి. చిక్కదనం వస్తుంది.

గల్ఫ్ దేశాల్లో పిల్లలున్న తల్లులకు ఒక హెచ్చరిక. యు.ఏ.ఇ., సౌదీ అరేబియా దేశాలలో గసగసాలు నిషిద్ధం. నల్లమందు మొక్క గింజలని అక్కడి చట్టం వాటిని మత్తుపదార్థంగా చూస్తుంది. ప్రేమతో కట్టిన మసాలా పొట్లం పిల్లవాణ్ణి జైలుపాలు చేయవచ్చు. సామానులో అవి లేకుండా చూసుకోండి.

పొడుల కల్తీ

ఎర్రగా ఉంటే మంచి కారం, పచ్చగా మెరిస్తే మంచి పసుపు అనుకోవడం పొరపాటు. 2003లో మన దేశం నుంచి ఐరోపాకు వెళ్ళిన కారంలో సూడాన్ అనే రంగు దొరికి గగ్గోలైంది. అది తినే రంగు కాదు, పరిశ్రమలలో వాడేది. పసుపు మెరవడానికి లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపేవారున్నారు. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

ఇంట్లోనే చిన్న పరీక్షలు చేసుకోవచ్చు. గ్లాసు నీళ్ళ మీద కారం చల్లండి. రంగు చారలు కట్టి దిగితే అనుమానించండి. అడుగున చేరినదాన్ని వేళ్ళతో నలపండి. గరగరలాడితే ఇటుకపొడి కలిసి ఉండవచ్చు. పసుపు చిటికెడు నీళ్ళలో వేస్తే అడుగుకు చేరి నీరు లేతగా ఉండాలి. ముదురు పసుపు రంగు తిరిగితే వాడకండి. మిరియాలు నీటిలో మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలుతాయి.

అన్నిటికంటే మంచిది వేసవిలో మిరపకాయలు, ధనియాలు కొని ఎండబెట్టి మిల్లులో పట్టించుకోవడం. బూజు పట్టిన కాయలను కడిగి వాడకండి, పారవేయండి. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం. వండినా పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు.

మిగిలిన కూర

"ఇంత మసాలా వేశాం, పాడవుతుందా?" అని మధ్యాహ్నం కూర రాత్రి దాకా పొయ్యి మీదే ఉంచుతారు. సోమవారపు విరేచనాలకు మూలం తరచుగా ఇదే! దినుసులు సూక్ష్మజీవులను చంపుతాయని నమ్మకండి. కొన్ని జీవుల విత్తనాలు దినుసుల్లోనే ఉంటాయి. అవి ఉడికినా చావవు, గోరువెచ్చటి కూరలో పెరుగుతాయి. వండిన రెండు గంటల లోపు మిగిలినది వెడల్పు గిన్నెలోకి తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. తినే ముందు కుతకుత ఉడికించండి. చింతపండు చేపల పులుసు కొంచెం ఆగుతుంది గాని, కొబ్బరిపాల కూర ఆగదు.

చివరికి ఆ పెద్దాయన మాట చెప్పి ముగిస్తాను. మరుసటి కనుమకు ముందు ఆయన భార్య ఆసుపత్రికి వచ్చి, "ఈసారి ఎలా వండమంటారండి?" అని అడిగింది. ఉప్పు వేయకముందే ఆయనకు రెండు గరిటెలు వేరే గిన్నెలోకి తీయమన్నాను. అందులో మిరియాలు, వేయించిన ధనియాల పొడి, వెల్లుల్లి, నిమ్మరసం వేసి, చివర్లో చిటికెడు ఉప్పు జల్లమన్నాను. ఆవకాయ జాడీ అటక మీద పెట్టమన్నాను.

పండుగ వెళ్ళాక ఇద్దరూ నడిచి వచ్చారు. ఆయన పాదాలకు చెప్పులున్నాయి. "కూర ఘాటుగా బాగుందండి, ఆవకాయ మాత్రం గుర్తొచ్చింది," అన్నాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లో కూర వండేటప్పుడు మసాలా డబ్బాను చూసి భయపడకండి. దాని పక్కనున్న ఉప్పు డబ్బాలో మాత్రం ఒక చిన్న చెంచా వేసి ఉంచండి.