ఫోటోలు చెప్పే లెక్క

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలోనే కాణిపాకం ఉన్నదని మీకు తెలుసు కదా! అక్కడికి వెళ్ళినవారు గుడి గోపురం కనిపించేలా సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంటారు. దగ్గరలోనే బాహుదా నది ఉన్నది. దాన్ని ఫోటో తీసేవారు ఎందరు? అసలు ఆ నది పేరు తెలిసినవారు ఎందరు?

ఇది చిన్న ప్రశ్న కాదు. పట్టణాలు పెరిగేకొద్దీ వాటి మధ్య చెరువులు, గుట్టలు, చిట్టడవులు తరిగిపోతున్నాయి. అవి ఉన్నాయనే తెలియకపోతే, పోయినప్పుడు అడిగేవారు కూడా ఉండరు. మరి ప్రజలకు ఏ చోటు తెలుసో, ఏది తెలియదో కనుక్కోవడం ఎలా? లక్షలమందిని ఇంటింటికీ వెళ్ళి అడగడం కష్టం. అందుకే శాస్త్రజ్ఞులు, ప్రజలు తమంతట తామే సామాజిక మాధ్యమాల్లో పెట్టే ఫోటోలను లెక్కపెట్టి చూశారు.

లెక్క ఎలా కడతారు?

ఫోనులో ఆ ఏర్పాటు ఉంటే, ఫోటోతోపాటు తేదీ, సమయం, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. 2013లో స్పెన్సర్ వుడ్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ప్రపంచంలోని 836 విహారస్థలాలను తీసుకొని, 'ఫ్లికర్'లో వాటి ఫోటోల లెక్కను, అక్కడికి వచ్చిన సందర్శకుల లెక్కతో పోల్చారు. మొత్తం మీద ఫోటోలు ఎక్కువ ఉన్నచోటికి సందర్శకులు కూడా ఎక్కువగానే వస్తున్నారని తేలింది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఒక్కరే 50 ఫోటోలు తీస్తే 50 మంది వచ్చినట్లా? కాదు. అందువల్ల ఒక మనిషి ఒక రోజు ఒకచోట ఎన్ని ఫోటోలు తీసినా ఒకటిగానే లెక్క. రాము ఒకే రోజు 30, సీత రెండు రోజులు 5 చొప్పున తీశారనుకోండి. ఫోటోలు 40. లెక్కకు వచ్చేవి 3 మాత్రమే!

హైదరాబాదులో ఏమి జరిగింది?

హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చోటు ఉన్నది. చెట్లు, బండరాళ్ళు, నెమళ్ళు, జింకలు ఉన్న ఆ చోటు చాలామందికి తెలియదు. 2025 మార్చి చివర యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలైంది. విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విషయాన్ని చేపట్టి, చెట్ల నరికివేతను ఆపించింది.

అయితే ఆ చిత్రాల్లో కృత్రిమ మేధతో తయారుచేసినవి కూడా కలిశాయి. ఎక్కువమంది పంచుకున్నంత మాత్రాన చిత్రం నిజమైపోదు. పైగా ఆ చోటు పోతున్నదన్నప్పుడు కలిగిన ఆసక్తి వేరు, అంతకుముందు నుంచీ ఉన్న ఎరుక వేరు. ఒక వారం లెక్కతో తీర్పు చెప్పకూడదు.

లెక్కకు అందనివారు

తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉన్నది. అది రాతి పగుళ్ళలో దాగి, రాత్రిపూట తిరుగుతుంది. దాన్ని ఫోటో తీసేవారు తక్కువే. అంతమాత్రాన అది లేనట్లా? అలాగే చెరువు గురించి అందరికన్నా బాగా తెలిసిన గొర్రెల కాపరి తన ఎరుకను ఏ మాధ్యమంలోనూ పెట్టకపోవచ్చు. కనుక ఫోటో లేకపోవడం తెలియకపోవడానికి రుజువు కాదు. ఫోటోల లెక్కతోపాటు మనుషులను అడగడం కూడా అవసరమే.

మీరూ చేసి చూడండి

మీ ఊరి చుట్టూ ఉన్న ఐదు చెరువులు, వంకలు, గుట్టల పేర్లు రాసుకోండి. పెద్దవాళ్ళ సాయంతో, ఒక్కొక్కదానికి అందరికీ కనిపించేలా పెట్టిన ఫోటోలెన్ని ఉన్నాయో చూడండి. మనుషుల పేర్లు రాసుకోవద్దు. తరువాత పదిమంది తోటి విద్యార్థులను, పదిమంది పెద్దలను అడిగి, ఎవరికి ఎన్ని తెలుసో పట్టిక వేయండి. ఫోటోలు లేకపోయినా పెద్దలకు తెలిసిన చోటు ఏదైనా ఉన్నదా? మీ తరగతిలో ఎవరికీ తెలియనిది ఏది? వచ్చే ఆదివారం ముందుగా అక్కడికే, పెద్దవాళ్ళను వెంటబెట్టుకొని వెళ్ళండి!