పులుపు వంటకు ఏ పాత్ర తగును?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో నాట్ల కాలము వచ్చినదన్న తెల్లవారకమునుపే పొయ్యి రాజును. పులుసు కాచి, చల్ల చిలికి, సిల్వరు గిన్నెలలో పోసి పొలమునకు కొనిపోవుదురు. మధ్యాహ్నము వరకు ఆ గిన్నెలు గట్టుమీదనే ఉండును. ఈ అలవాటులో ఒక లోపము కలదు. దానిని సరిదిద్దుకొనుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు.

మనము సిల్వరు అనునది వెండి కాదు, అల్యూమినియము. దానిపై సహజముగా ఏర్పడు పలుచని పొర లోహమును కాపాడును. చింతపండు, టమాట, మామిడికాయ, పుల్లని చల్ల ఆ పొరను కరిగించును. ఉప్పు, వేడి తోడైనను, ఎక్కువసేపు నిలువ ఉంచినను ఇంకను ఎక్కువ లోహము ఆహారములోనికి దిగును. ఆమ్ల నేలలలో అల్యూమినియము కరిగి పైరు వేళ్లను దెబ్బతీయునని మీరు వినియుందురు. గిన్నెలో జరుగునదియు అటువంటిదే.

ఇందుకు బెదరిపోనక్కరలేదు. ఆరోగ్యవంతుల మూత్రపిండములు ఒంట చేరిన అల్యూమినియములో చాలా భాగమును బయటికి పంపివేయును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారిలో మాత్రము అది పేరుకొనును. శరీరపు బరువు కిలో ఒక్కింటికి వారమునకు 2 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ నిపుణుల సంఘము 2011లో నిర్ణయించినది. అనగా 60 కిలోల మనిషికి వారమునకు 120 మిల్లీగ్రాములు.

సీసము సంగతి వేరు. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు దానికి లేదు. పసిపిల్లల మెదడునకు, కడుపులోని బిడ్డకు అది చేయు కీడు తిరిగి సరికాదు. పాత తుక్కు కరిగించి పోసిన గిన్నెలలో సీసము కలియవచ్చును. కంటితో చూచి కనిపెట్టలేము. దిగుమతియైన కొన్ని హిందాలియము, ఇత్తడి పాత్రలనుండి సీసము దిగవచ్చునని అమెరికా ఆహార, ఔషధ పర్యవేక్షణ సంస్థ 2025లో హెచ్చరించినది. కావున అంగడిలో చవకగా దొరకు, తయారీదారు పేరులేని పోత గిన్నెలను కొనకుడు.

ఇత్తడి రాగి, జింకుల మిశ్రమము. జింకు లోపించిన వరి ఆకులపై తుప్పు మచ్చలు వచ్చును గదా! పైరుకు అవసరమైన ఆ జింకే పులుపులో కరిగి మితిమీరి కడుపులో చేరిన వాంతులు కలిగించును. జింకుపూత బకెట్టులో చల్ల కలుపరాదనుటకు కారణమిదే. రాగి మితిమీరిన కాలేయమునకు చేటు. కళాయిలేని రాగి, ఇత్తడి గిన్నెలలో కాచి నిలువ ఉంచిన పాలు త్రాగిన పసివారి కాలేయ వ్యాధిని గూర్చి 1980 దశకములో పుణె వైద్యులు పరిశోధించిరి. కళాయి పాత్ర వాడువారు అరిగిన వెంటనే మరల వేయించవలెను. శుద్ధమైన తగరమే వాడుమని, సీసము కలుపవద్దని కళాయి వేయువానికి గట్టిగా చెప్పవలెను.

ఇనుము కూడ కరుగును గాని, వంట వరకు అది మేలే. 2019–21 సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఇనుప మూకుడులో కూర వండుడు. వండిన వెంటనే వేరు గిన్నెలోనికి తీయుడు.

చేయవలసిన పనులు ఇవి:

1. పులుసు, పచ్చడి, చల్ల స్టీలు పాత్రలలోగాని, మెరుగుపూత లేని మట్టికుండలలోగాని ఉంచుడు. పుల్లని పచ్చళ్లు, సాంబారు అల్యూమినియము, ఇనుము, కళాయిలేని ఇత్తడి, రాగి పాత్రలలో నిలువచేయరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది.

2. సిల్వరు గిన్నెలను పారవేయనక్కరలేదు. అన్నము వండుటకు, నీరు కాచుటకు వాడుకొనుడు. గుంటలు పడినవానిని మానుడు.

3. పురుగుమందు కలిపిన పాత్రను, ఎంత కడిగినను, వంటయింటికి తేకుడు.

అన్నిటిని ఒకేసారి మార్చుట కష్టమైనచో పొలమునకు పోవు చల్ల గిన్నెతో మొదలు పెట్టుడు. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట ఈ మార్పు వచ్చే నాట్లలోపుననే జరుగవలెను.