గుమ్మటాల కింద పట్టాల లెక్క

కౌలాలంపూర్ పాత రైల్వేస్టేషన్ చూడబోయినవాళ్ల చూపు గుమ్మటాల దగ్గరే ఆగిపోతుంది. ఆర్థర్ బెనిసన్ హబ్బాక్ నమూనాతో 1910లో లేచిన భవనమది. 1986లో దాన్ని బాగుచేశారు. నాకైతే గోడలకన్నా కింద ఉన్న పట్టాల కథే రుచిగా ఉంటుంది.

రైలు ప్రయాణం ముగిసే స్టేషన్‌కు ఒకప్పుడు లైన్లు ఎక్కువ కావాలి. ఇంజన్ను విప్పి, ఖాళీ లైను మీదుగా తిప్పుకొచ్చి, బండి రెండో కొసకు తగిలించాలి. విశాఖపట్నంలో బండి దిశ మారేటప్పుడు ఇంజన్ మార్చే తతంగం మనకు తెలిసిందే. 1995లో వచ్చిన కొమ్యూటర్ విద్యుత్ రైళ్లకు ఆ బెడద లేదు. రెండు కొసల్లోనూ డ్రైవరు గది ఉంటుంది, డ్రైవరు ఇటు నుంచి అటు నడిస్తే చాలు. కాకపోతే మరో చిక్కు: 25,000 వోల్టుల తీగకూ కప్పుకూ మధ్య, తీగకూ బండికీ మధ్య తగినంత ఎడం ఉండాలి. పాత కప్పు కింద ఆ ఎత్తు ఎంతుంటే అంతలోనే సర్దుకోవాలి.

పోనీ, దూరప్రయాణపు రైళ్ల కోసం ఇంకో రెండు లైన్లు వేస్తే? అసలు ఇబ్బంది అక్కడే. ఒక లైను నుంచి ఇంకో లైను చీలే 1:12 పాయింటు దగ్గర పట్టా 12 మీటర్లు సాగితే పక్కకు జరిగేది ఒక్క మీటరు. 4 మీటర్ల అవతలి లైనుకు చేరాలంటే దాదాపు 50 మీటర్ల పొడవు కావాలి. కోణం పెంచితే చోటు మిగులుతుంది గానీ బండి వేగం తగ్గించాలి, చక్రం అంచు పట్టాను ఒరుసుకుంటుంది. ప్రతి కొత్త లైనుకూ రెండు వైపులా ఇదే ఖర్చు. స్టేషన్‌కు ఒక పక్క సుల్తాన్ హిషాముద్దీన్ రోడ్డు, ఇంకో పక్క క్లాంగ్ నది. జరగడానికి చోటేది?

అందుకే దూరప్రయాణపు రైళ్ల కేంద్రాన్ని దక్షిణాన బ్రిక్‌ఫీల్డ్స్ పాత యార్డు స్థలానికి మార్చారు. 2001 ఏప్రిల్‌లో కేఎల్ సెంట్రల్ మొదలైంది. భవనాన్ని పడగొట్టి పట్టాలు పెంచకుండా, పట్టాల పనినే తప్పించడం తెలివైన పనే. పాత స్టేషన్ ఇప్పుడు బళ్లు ఆగి సాగిపోయే చోటు.

ఒక్కటి మాత్రం మారలేదు, పట్టాల మధ్య ఎడం. 1916 నాటి మన కాచిగూడ స్టేషన్‌కు బ్రాడ్‌గేజి వచ్చింది, కౌలాలంపూర్‌లో మాత్రం ఇప్పటికీ ఒక మీటరే. మీటర్‌గేజి అంటే నత్తనడకని మనకో అభిప్రాయం. 2010లో అక్కడ మొదలైన ఈటీఎస్ విద్యుత్ రైళ్లు ఆ పట్టాల మీదే గంటకు 140 కిలోమీటర్ల వేగం అందుకుంటున్నాయి.