ఇంటి ముంగిట బ్రేకు ప్యాడ్ల మార్పిడి

కారును కదిలించే ఇంజను గురించి మన విద్యార్థి మిత్రులు ఎంతో ఉత్సాహంతో చర్చిస్తారు. అదే కారును ఆపే సాధనం గురించి ఆలోచించేవారు బహు అరుదు. ముందు చక్రం వైపు నుండి సన్నని కీచు ధ్వని వినబడిననాడు గాని అది మనకు జ్ఞప్తికి రాదు. పలు వాహనాలలో ఆ ధ్వని తయారీదారులు కావాలని అమర్చిన హెచ్చరిక. ప్యాడు అరిగి పలుచబడగానే, దానికి తగిలించిన చిన్న ఇనుప రేకు తిరుగుతున్న డిస్కును రాచుకొని అరుస్తుంది. దానిని పెడచెవిన పెడితే కొన్నాళ్ళకు ఇనుము ఇనుమును కోయడం ఆరంభిస్తుంది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా పాకుతుంది. అంతకుమించి, ఆగవలసిన చోట కారు ఆగదు.

బ్రేకు చేసే పని చలనశక్తిని ఉష్ణంగా మార్చడమే. 1000 కిలోల కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగినదనుకొందాం. లెక్క కట్టితే ఆ శక్తి 3,12,500 జౌళ్ళు. ఒక లీటరు చన్నీళ్ళను మరుగు స్థానానికి చేర్చడానికి అది చాలును. వేగం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆగేటప్పుడు బరువు ముందుకు వాలుతుంది గనుక ఈ వేడిలో అధిక భాగం ముందు చక్రాలపై పడుతుంది. మన చిన్న కార్లలో పెక్కింటికి ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉండటానికి కారణమిదే. డిస్కు గాలికి తెరచి ఉంటుంది గనుక త్వరగా చల్లారుతుంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని ల మాన్స్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచిన పిదప దాని ఖ్యాతి నలుదెసలా వ్యాపించింది.

మనం పెడల్ తొక్కగానే ఆ ఒత్తిడి బ్రేకు ఆయిల్ ద్వారా, పాస్కల్ సూత్రం ననుసరించి, చక్రం వద్ద నున్న కాలిపర్‌ను చేరుతుంది. అందులోని పిస్టన్ ముందుకు జరిగి రెండు ప్యాడ్ల నడుమ డిస్కును బిగిస్తుంది. కొత్త ప్యాడుపై రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చవలెను. ప్యాడు అరిగిన కొద్దీ పిస్టన్ మరింత ముందుకు వచ్చి నిలుస్తుంది, ఆ మేరకు డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గుతుంది. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తరువాత జరిగేదంతా దీనిపైనే ఆధారపడి ఉన్నది.

పనిముట్లు కొద్దివే: జాకీ, రెండు జాకీ స్టాండ్లు, పానాలు, ఒక సి-క్లాంపు, ఇనుప తీగ. మన ఊరి షెడ్డులలో ఉస్తాదు తెలుగువాడైనా 'పానా', 'పేచ్‌కస్' అనే అడుగుతాడు. ఈ విద్యకు మన రెండు భాషలూ ఏనాడో పొత్తు కుదుర్చుకొన్నవి.

చదునైన గట్టి నేలపై కారు నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టవలెను. చక్రం నట్లను అది నేలపై ఉండగానే కొద్దిగా వదులు చేయవలెను. తరువాత జాకీతో ఎత్తి, బరువును స్టాండుపై దింపవలెను. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఇటుకలు పేర్చి సరిపెట్టుకోవడం మన వాడలలో కనిపించే దురలవాటు; ఇటుక ముందుగా చెప్పి పగలదు. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం ఇంకొక రక్ష.

ఒక పక్క పూర్తయిన తరువాతనే రెండవ పక్క విప్పవలెను. సందేహం కలిగితే విప్పని పక్కను చూచి నేర్వవచ్చు. పలు కార్లలో కాలిపర్ కింది బోల్టు తీస్తే అది పైకి తిరుగుతుంది. రెండు బోల్టులూ తీయవలసి వస్తే, కాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడనీయక తీగతో స్ప్రింగుకు కట్టవలెను. అక్కడి నల్లని ధూళిని నోటితో ఊదరాదు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడిగుడ్డతో తుడవడమే మేలు. డిస్కుపై లోతైన గాట్లున్నా, అంచున చెక్కిన కనిష్ఠ మందానికి దిగినా, కొత్త ప్యాడ్లు వేసి ప్రయోజనం లేదు.

కొత్త ప్యాడు మందం గనుక పిస్టన్‌ను సి-క్లాంపుతో మెల్లగా వెనుకకు నెట్టవలెను. అప్పుడు డబ్బాలో మట్టం పెరుగుతుంది. పొంగితే ఆయిల్ కారు రంగును తినివేస్తుంది. కాలిపర్ జరిగే పిన్నులకు వేడికి కరగని గ్రీజు పూయవలెను గాని ప్యాడు ముఖానికి, డిస్కుకు జిడ్డు సోకరాదు. ఆయిల్ కారుతున్నట్లు కనిపిస్తే మాత్రం పని అంతటితో నిలిపి మెకానిక్కును పిలవవలెను.

ఇక నా అనుభవం. తొలిసారి నేను ఈ పని ముగించి, చేతులు కడుగుకొని, విజయగర్వంతో కారు స్టార్టు చేసి వాకిలి వైపు పోనిచ్చాను. పెడల్ తొక్కితే అది ఏ ఆటంకమూ లేక నేలను తాకింది. హ్యాండ్ బ్రేకు లాగితే ప్రహరీ గోడకు జానెడు దూరంలో కారు నిలిచింది. కొద్దిసేపటి క్రితం ఆ గోడ వద్దనే మా చెల్లెలు కూర్చుని పూలు కట్టుతున్నది. ఎదురింటి వృద్ధ ఉస్తాదు వచ్చి కోప్పడలేదు, "పెడల్ తొక్కి చూసినవా బేటా, బండి కదిలించే ముందు?" అని మాత్రం అడిగాడు.

లోపం బిగింపులో లేదు. నేను వెనుకకు నెట్టిన పిస్టన్ అక్కడే ఉండిపోయింది. మొదటి తొక్కుడులోని ఆయిల్ అంతా ఆ ఖాళీని పూరించడానికే ఖర్చయింది. డిస్కును బిగించడానికి ఏమీ మిగలలేదు. కదలక ముందే పెడల్‌ను నెమ్మదిగా పలుమార్లు తొక్కితే పిస్టన్లు ముందుకు వచ్చి పాదం కింద గట్టిదనం తెలుస్తుంది. ఆ పిదప ఆయిల్ మట్టం, నట్ల బిగింపు మరల చూచుకొనవలెను.

కొత్త ప్యాడ్లు తొలి దినాలలో పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్ల నుండి 10 వరకు, పూర్తిగా ఆపక, కొంత ఎడమిస్తూ ఎనిమిది పది సార్లు వేగం తగ్గించవలెను. మేము ఆ సాయంత్రం ఉస్తాదును పక్కన కూర్చుండబెట్టుకొని ఊరి చివరి వరకు అలాగే వెళ్ళివచ్చాము. కీచు ధ్వని మరల వినబడలేదు.