బెరడుపై నల్లని చెమ్మ: ఓక్ వృక్షాల వ్యాధి నిర్ణయం

వైద్యుని ఎదుట రోగి తన బాధను నోరు విప్పి చెప్పుకోగలడు. వృక్షానికి ఆ సౌకర్యం లేదు. బెరడుపై మచ్చ, రాలిన ఆకు, ఎండిన కొమ్మ, ఇవే దాని భాష. ఆ భాషను తప్పుగా చదివినందువల్ల బ్రతుకవలసిన చెట్టును నరికివేయడమూ, చావబోయే చెట్టును ఉపేక్షించడమూ రెండూ జరుగుతుంటాయి. ఓక్ వృక్షాల కాండంపై కనిపించే నల్లని చెమ్మ మచ్చలు ఇందుకు చక్కని ఉదాహరణ.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మెరిన్ కౌంటీలో 1990ల నడిమి కాలంలో మొదట టాన్‌ఓక్ చెట్లు, పిదప ఓక్ చెట్లు పెద్దసంఖ్యలో ఎండిపోసాగాయి. కారణం 2000 సంవత్సరంలో గాని తేలలేదు. డేవిడ్ రిజ్జో, మాటియో గార్బెలోటో అనే శాస్త్రజ్ఞులు ఫైటాఫ్తోరా ప్రజాతికి చెందిన సూక్ష్మజీవిని రోగగ్రస్తమైన బెరడునుండి వేరుచేశారు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను నాశనం చేసి ఘోరక్షామానికి దారితీసిన జీవి దీనికి దాయాది. జర్మనీ, నెదర్లాండ్స్ దేశాలలో 1993 నుండి రోడోడెండ్రాన్ మొక్కలను పీడిస్తున్నదీ ఇదేనని తేలింది. 2001లో దానికి ఫైటాఫ్తోరా రమోరమ్ అని నామకరణం జరిగింది.

వ్యాధికి వాడుకలో వచ్చిన పేరు ‘ఆకస్మిక ఓక్ మరణం’. నన్నడిగితే ఆ పేరు సరియైనది కాదు. చెట్టు ఏడాది, రెండేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి లోలోపల క్షీణిస్తూ పైకి పచ్చగానే ఉంటుంది. చివరి కొద్ది వారాలలో ఆకులన్నీ గోధుమరంగుకు తిరుగుతాయి. ఇంటి యజమాని కంటబడేది అప్పుడే. పురుగులు తొలిచి పుచ్చిన మ్రాను ఏ గాలికో ఇంటికప్పుపై విరిగిపడకుండా చూచుకోవడం తప్ప అప్పటికి చేయగలిగినది లేదు.

కనుక మచ్చను ముందుగానే పరిశీలించాలి. ఈ వ్యాధిలో సాధారణంగా కాండం దిగువ భాగాన, గాయమూ రంధ్రమూ లేని బెరడునుండి ముదురు గోధుమ లేక నల్లని జిగటరసం స్రవిస్తుంది. పైబెరడును మెల్లగా చెక్కి చూస్తే, చచ్చిన భాగానికీ బ్రతికిన భాగానికీ నడుమ తరచు నల్లని గీత కానవస్తుంది. పాత గాయంనుండి పులిసిన దుర్వాసనతో పలుచని నీరు కారితే మాత్రం అది చాలావరకు బాక్టీరియా పని. చూడ అసహ్యమే గాని సామాన్యంగా ప్రాణాంతకం కాదు. వ్యాలీ ఓక్ వంటి తెల్ల ఓక్ రకాలు చెమర్చితే కారణాన్ని వేరేచోట వెదకాలి. బ్రిటన్‌లోనైతే నిలువు పగుళ్లనుండి నల్లని ద్రవం కారడం మరొక వ్యాధికి చిహ్నం. అందులో బాక్టీరియాతోపాటు బెరడు తొలిచే పెంకుపురుగుకూ సంబంధం ఉంది. మన కోనసీమలో కొబ్బరిమానునుండి రసం కారే తెగులును చూచినవారికి ఇదంతా పరిచితంగా తోచవచ్చు గాని, అక్కడి శిలీంధ్రం వేరు.

కంటిచూపు అనుమానం వరకే. నిర్ధారణ ప్రయోగశాలలో జరగాలి. ఎండలు ముదిరిన రోజులలో సేకరించిన బెరడునుండి ఈ జీవిని పెంచడం కష్టం. కాబట్టి ఒక పరీక్షలో కనిపించనంత మాత్రాన నిశ్చింత పడరాదు.

నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించిన సంగతి వేరొకటి. ఓక్‌ను పరీక్షించేవారు దాని పొరుగుచెట్టునూ చూస్తారు. కాలిఫోర్నియా బే లారెల్ అనే సుగంధవృక్షానికి ఈ జీవి ఆకులపై చిన్న మచ్చలు తప్ప పెద్దగా హాని చేయదు. కాని ఆ ఆకులపై పుట్టిన సిద్ధబీజాలు వానచినుకులతో చిట్లి ప్రక్కనున్న ఓక్ బెరడును చేరతాయి. టాన్‌ఓక్ మాట వేరు గాని, ఓక్‌నుండి వ్యాధి మరొక చెట్టుకు ప్రాకదు. అందుచేత విలువైన ఓక్‌కు చేరువలోని లారెల్‌ను తొలగించమని నిపుణుల సలహా. నిక్షేపంగా ఉన్న చెట్టును నరకమనడం వినడానికి అన్యాయంగానే తోస్తుంది. ఫాస్ఫోనేట్ అనే మందు ఉన్నది గాని, సోకిన చెట్టును అది నయం చేయలేదు. దానిని ముఖ్యంగా చెమర్చిన చెట్టు ప్రక్కన ఇంకా పొడిగా నిలిచి ఉన్న చెట్టుకే వాడతారు.