మన ఊళ్లో మనమే యాత్రికులం!

మీ ఇంటికి దూరపు చుట్టాలెవరో వచ్చారనుకోండి. "మీ ఊళ్లో చూడాల్సినవి ఏమున్నాయి?" అని అడిగారనుకోండి. మీరేం చెబుతారు? ఒక గుడి పేరు, ఒక బట్టల అంగడి, ఒక సినిమాహాలు... ఆ తర్వాత? నోట మాట రాదు కదూ! నాకూ అదే జరిగింది. అదీ మన దేశంలో కాదు, ఎక్కడో ఇటలీలో!

కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి ఉద్యోగం మీద ఫ్లారెన్సులో ఉన్నప్పుడు నెల్లాళ్లు వెళ్లి ఉన్నాను. అక్కడ రోజూ చూసేదాన్ని. జెండా పట్టుకుని గైడు ముందు పరుగెత్తుతూంటే, నలభై మంది వెనకాల ఉరుకులు! "నాకొద్దే తల్లీ, ఆ మందలో నేను నడవలేను" అన్నాను. అప్పుడు మా అమ్మాయి మా ఇద్దరికే ఒక గైడమ్మను మాట్లాడింది. అక్కడ అదొక పద్ధతి. ఒక ఇంటివాళ్లకు ఒకే గైడు. మనకేది ఇష్టమో అదే చూపిస్తారు, మనం ఆగినచోట ఆగుతారు.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?" రెండోది, "మీరెన్నింటికి భోంచేస్తారు?" మూడోది, "మీకేమంటే ఇష్టం?" నేను దాపరికం లేకుండా "నగలూ, వంటా" అన్నాను. ఆవిడ నవ్వేసి, మ్యూజియాలన్నీ పక్కన పెట్టి, మమ్మల్ని ఆర్నో నది మీది పాత వంతెనకు తీసుకెళ్లింది.

దాని పేరు పోంతే వెక్కియో. 1345లో కట్టిన రాతి వంతెన. దానిమీద అటూ ఇటూ అంగళ్లే. ఒకప్పుడు అవన్నీ మాంసం కొట్లట. ఆ కంపు భరించలేక అక్కడి ప్రభువు 1593లో వాళ్లను ఖాళీ చేయించి, ఇకమీదట కంసాలులే ఉండాలన్నాడట. ఇవాళ్టికీ అక్కడ బంగారు అంగళ్లే! రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, జర్మన్లు వెనక్కి పోతూ ఆ ఊరి వంతెనలన్నీ కూల్చేసినా, దీన్ని మాత్రం వదిలేశారు. వంతెన నడుమ చెల్లీని అనే 16వ శతాబ్దపు కంసాలి విగ్రహం పెట్టుకున్నారు.

ఇదంతా చెప్పి ఆవిడ మెల్లగా అడిగింది. "మీ ఊళ్లోనూ బంగారు వీధి ఉందట కదా! మరి అక్కడ నగలు చేసేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?"

నేను తెల్లమొహం వేశాను. ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చి అప్పటికి 38 ఏళ్లు. అంగట్లో పరుపు తెలుసు, కూర్చోగానే ఇచ్చే కూల్‌డ్రింకు తెలుసు, తరుగు దగ్గర బేరం తెలుసు. చేసే చేతులు తెలీవు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇంటికొచ్చాక ఒక పని చేశాను. మా ఊరికి నేనే యాత్రికురాలినయ్యాను. ఇవాళ మీ ఒక్కరికే నేను గైడుని. చెప్పులు గట్టివి వేసుకుని, నీళ్లసీసా పట్టుకుని రండి మరి!

పొద్దున్నే పెన్న గట్టున...

ప్రొద్దుటూరును పొద్దుతోనే చూడాలి. పెన్న ఒడ్డున ముక్తి రామేశ్వరం నుంచి మొదలుపెడదాం. రావణవధ తర్వాత రాముడు ఇక్కడ ఇసుకతో లింగం చేసి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏటిలో నీళ్లు లేకపోతే నిరాశపడకండి. మన పెన్న చాలా నెలలు ఇసుకగానే ఉంటుంది. ఆ ఇసుకలో రెండడుగులు నడిచి చూడండి, లోపలి చెమ్మ అరికాలికి తగుల్తుంది.

అక్కణ్ణించి ఊళ్లోకొస్తే అగస్త్యేశ్వరస్వామి గుడి. ఊరికే దండం పెట్టుకుని వచ్చేయకండి. ఒక్క ప్రదక్షిణం నిదానంగా చేయండి. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు ఈ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూనే 'శివతాండవం' మనసులో కట్టుకున్నారని మా ఊరు చెప్పుకుంటుంది. 1914లో పుట్టి 1990లో కన్నుమూసిన ఆ మహానుభావుడు ఈ వీధుల్లోనే తిరిగారు. ఆయన శ్రీమతి కనకమ్మ గారూ కవయిత్రే సుమండీ! ఇల్లు చూసుకుంటూ పద్యాలు రాసిన ఇల్లాలు. ఇన్నేళ్లూ ఆ గుడికి వెళ్తూ కూడా నాకీ సంగతి తెలీదు. పక్కింటి రిటైర్డు తెలుగు మేష్టారు గారిని అడిగితే, నాతో కలిసి ఒక చుట్టు తిరుగుతూ చెప్పారు.

ఈపాటికి ఆకలి వేసి ఉంటుంది. ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లిన కారం దోసె తినండి. లేదా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కూర్చుని తినండి, తొందరేం లేదు. మన మోకాళ్ల సంగతి మనకు తెలుసు కదా!

వెనక చూడమ్మా!

ఇప్పుడు బంగారు అంగళ్ల వీధి. బంగారానికీ బట్టలకూ మా ఊరిని రెండో బొంబాయి అంటారని మీరు వినే ఉంటారు. ఇక్కడి వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలో దసరా జరిగే తీరు చూడాలంటే రెండు కళ్లూ చాలవు. కానీ ఇవాళ అంగళ్లలోకి వద్దు. పక్క సందుల్లోకి తిరుగుదాం.

మొదటిసారి నేను వెళ్లినప్పుడు ఒక చిన్న గదిలో పెద్దాయన ఒకరు తల వంచుకుని పనిలో ఉన్నారు. గుమ్మంలో నిలబడ్డాను. "ఏం కావాలమ్మా? కొనేదానికైతే అంగడికి పోండి. ఇది పని జేసే తావు" అన్నారు.

"కొనేదానికి కాదన్నా. ఊరికే చూసేదానికొచ్చినా" అన్నాను.

ఆయన తలెత్తి ఒక్క క్షణం నావైపు చూసి, పీట జరిపారు.

మూసలో బంగారం కరిగించడం, వెలిగారం వేయడం, కడ్డీ పోసి సుత్తితో సాగగొట్టడం, కమ్మచ్చులో దూర్చి తీగ లాగడం అన్నీ చూపించారు. కమ్మచ్చు అంటే వరసగా చిన్నచిన్నగా బెజ్జాలున్న ఇనుప పలక. ఒక్కో బెజ్జంలోంచి లాగేకొద్దీ తీగ సన్నబడుతూ వస్తుంది. చివరికి వెంట్రుక మాదిరి అవుతుంది! కింద రాలిన పొడిని కూడా పారేయరు. గది ఊడ్చిన మట్టి దాచిపెడతారు. దాన్ని కడిగి రేణువులు తీసేవాళ్లు వేరే ఉంటారట. మనం ఇంట్లో పిండి జల్లించి నూకలు దాచుకోమూ? అదే పొదుపు!

నా చెవి కమ్మలు తీసి చూపించాను. పెళ్లినాటివి. ఆయన వాటిని ముందువైపు చూడనే లేదు. తిరగేసి వెలుతురుకు పెట్టారు.

"వెనక చూడమ్మా. ముందర అందురూ చూస్తారు. అతుకు యాడుండాదో కనపడ్తాందా? లేదు కదా! ఇది చేతి పని. ఎవురు జేసినారో గానీ ఓపికగా జేసినారు" అన్నారు.

"మీ పిల్లలు ఈ పనిలో ఉన్నారా?" అనడిగాను.

"లేదమ్మా. మిషను మీద వేలకు వేలు దిగుతాండాయి. వానికి కంప్యూటరు పని. నాతోనే సరి" అన్నారు. కాసేపాగి, "ఇన్నేండ్లలో ఇట్ల చూసేదానికని ఎవురూ రాలేదు" అన్నారు.

అక్కడ వంతెన మీద కంసాలికి విగ్రహం. ఇక్కడ సందులో కంసాలిని పలకరించే దిక్కు లేదు. ఆ రోజు నుంచీ ఎప్పుడు నగ కొన్నా ముందు తిరగేసి చూస్తున్నాను. మీరూ చూడండి. అతుకులతో పాటు హాల్‌మార్కు కూడా వెనకే ఉంటుంది. బి.ఐ.ఎస్. గుర్తు, 22 క్యారెట్లయితే 916 అంకె, ఆరు అక్షరాల హెచ్.యు.ఐ.డి. సంఖ్య, ఈ మూడూ ఉండాలి. 2021 జూన్ నుంచి విడతలవారీగా దీన్ని తప్పనిసరి చేశారు.

జమ్మలమడుగు మీదుగా గండికోటకు

రెండోరోజు జమ్మలమడుగు. మడుగులో జమ్ము పెరిగేది కాబట్టి ఆ పేరని పెద్దలంటారు. నారాపుర వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, వందేళ్లు దాటిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి వీధిలో నడవండి. చుట్టుపక్కల పల్లెల్లో "నేను క్యాంప్‌బెల్‌లోనే పుట్టినా" అనే ముసలమ్మలు మీకు తారసపడతారు. వాళ్ల దగ్గర ఓ పది నిమిషాలు కూర్చోండి.

అక్కణ్ణించి గండికోట దాదాపు 15 కిలోమీటర్లు. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, పెరుగు మూట కట్టుకోండి. ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్న పోయే ఆ లోయ దగ్గర రాళ్ల మీద కూర్చుని తింటే ఆ రుచే వేరు! గట్టు అంచున కంచెలు లేని చోట్లు ఉన్నాయి. పిల్లల చెయ్యి వదలకండి. ఫోటోల కోసం చివరిదాకా పోకండి.

కోట లోపలే ఊరుంది. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఒక పెద్దమ్మను బతిమాలి వెంట తీసుకెళ్లాను. మాధవరాయ స్వామి గోపురం, రంగనాథాలయం, జామా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం అన్నీ చూపించింది. కత్తుల కోనేరు దగ్గర ఆగి, "యుద్ధం నుంచి వచ్చి కత్తులు ఈడ కడిగేవాళ్లంట. నీళ్లు ఎర్రగా అయ్యేటివంట" అని గొంతు తగ్గించి చెప్పింది. ఏ పుస్తకం ఆ గొంతుతో చెబుతుంది చెప్పండి?

ఇంకో వింత వినండి. మనం యూరపు చూడాలని కలలు కంటాం కదా! యూరపు నుంచే ఒకాయన మన గండికోటకు వచ్చాడు. తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు. 1652లో ఇక్కడికొచ్చి, కోటను పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. ఆయన చూసింది రాసిపెట్టుకున్నాడు కాబట్టి ఇవాళ మనకు తెలిసింది. మనం చూసింది మనమెందుకు రాసిపెట్టుకోకూడదు? ఆ పెద్దమ్మ చెప్పిందంతా నేను చాకలిపద్దు పుస్తకంలో రాసుకున్నాను. నవ్వకండి, చేతికి అదే దొరికింది!

పులివెందుల తోటలు, గండి తోరణం

మూడోరోజు ముద్దనూరు మీదుగా పులివెందుల. ఒకప్పుడు ఇక్కడ పులులు మందలుగా తిరిగేవట, అందుకే ఆ పేరంటారు. ఇప్పుడు కనిపించేవి అరటి తోటలూ, చీనీ తోటలూ. రంగనాథస్వామిని దర్శించుకుని ఏదైనా తోట గట్టున నడవండి. అరటి గెలలు కోసే ఆడవాళ్లను పలకరించండి. కాయ కోతకొచ్చిందని ఎలా తెలుస్తుందని అడిగితే, ఒకామె నా వేలు పట్టుకుని కాయ అంచుల మీద రాయించింది. "అంచులు పోయి గుండ్రంగా అయినాది చూడక్కా, ఇంగ కొయ్యొచ్చు" అంది. ఆ ఒక్కమాటతో అంగట్లో కాయ ఎంచుకునే తీరే మారిపోయింది నాకు.

సాయంత్రం వేంపల్లె దాటి గండికి వెళ్లండి. పాపాగ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే చోట వీరాంజనేయస్వామి గుడి. రాముడు బాణం కొసతో బండ మీద ఆంజనేయుడి రూపం గీసి, ఒక్క చిటికెనవేలు మాత్రం వదిలేశాడని కథ. శ్రావణ మాసంలో శనివారాలు జనం కిటకిటలాడతారు. నిదానంగా చూడాలంటే వేరే రోజుల్లో రండి.

ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం ఉందట. అది అందరికీ కనిపించదట. ఈ సీమను 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఏలిన మన్రో దొరకు కనిపించిందట! కనిపించినవాళ్లకు ఆయుష్షు చెల్లినట్టేనని పక్కనున్నవాళ్లు అనుకున్నారట. మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జులై 6న పత్తికొండలో ఆయన కలరాతో పోయింది మాత్రం చరిత్ర. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు మనవాళ్లు.

నాకు తోరణం కనిపించలేదు లెండి. నాకు కనిపించింది వేరే బంగారం.

మీరూ బయల్దేరతారా?

ఇందుకు పెద్ద ఖర్చేం లేదు. ఊరు తెలిసిన మనిషి ఒక్కరుంటే చాలు. పాత మేష్టారో, పూజారి గారో, కోటలో పెద్దమ్మో. వెళ్లే ముందు మీకేం ఇష్టమో చెప్పండి, వంటైతే వంట, నేతైతే నేత. ఒక పూటకు మూడు చోట్లకు మించి పెట్టుకోవద్దు. ఎండాకాలంలో ఎనిమిది గంటలకల్లా ఇంటికి చేరండి. వాళ్ల పని చెడగొట్టి చూపించిన వాళ్లకు ఉత్త చేతులతో దండం పెట్టి రాకండి. డబ్బిస్తే నొచ్చుకునేవాళ్లుంటారు, ఓళిగలు చేసి పట్టుకెళ్లండి. అడక్కుండా ఫోటో తీయకండి.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి తొమ్మిదేళ్ల కూతురితో వచ్చింది. ఈసారి గైడుని నేనే! ముందుగా మనవరాలిని అడిగాను, "నీ కాళ్లు ఎంత దూరం నడుస్తాయే?" అని. కంసాలి సందుకు తీసుకెళ్లాను. పెద్దాయన దాని చేతికి పటకారు ఇచ్చి, కమ్మచ్చులోంచి రాగి తీగ లాగించారు. అది ఆ తీగను ఉంగరంలా చుట్టుకుని ఇంటికొచ్చి, ముందు వాళ్లమ్మకు వెనకవైపే చూపించింది!

ఆ సందులో ఆ పీట ఇంకెన్నాళ్లుంటుందో నాకు తెలీదు. మీ ఊళ్లోనూ అలాంటి పీట ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం వెళ్లి కూర్చుని రండి. ఏమంటారు?