భాగం - 9 : మనోవేదన నుంచి కోలుకోవడం - కౌన్సెలర్ పాత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- కార్ల్ రోజర్స్ ప్రతిపాదించిన సహాయార్థి కేంద్రిత పద్ధతి ఎలా రూపొందిందో వివరించగలుగుతారు.
- కౌన్సెలర్‌కు ఉండవలసిన మూడు గుణాలను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- సలహా, ఓదార్పు, సహానుభూతి - ఈ మూడింటి మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
- మానసిక గాయం నుంచి కోలుకోవడంలోని దశలను, ఈ పద్ధతికి ఉన్న పరిమితులను చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ఎవరైనా మన దగ్గరికి వచ్చి బాధ చెప్పుకుంటే మనం మొదట చేసే పని ఏమిటి? చాలా సందర్భాల్లో ధైర్యం చెబుతాం, లేదా సలహా ఇస్తాం. "కాలమే అన్నింటినీ మాన్పుతుంది" అంటాం. "ఇంతకన్నా కష్టాలు పడినవాళ్లు లేరా?" అంటాం. మన ఉద్దేశం మంచిదే. అయినా అవతలివారు తలూపి మౌనంగా ఉండిపోవడం మీరు గమనించే ఉంటారు. చెప్పదలచుకున్న అసలు మాట వారి దగ్గరే మిగిలిపోతుంది.

శిక్షణ పొందిన కౌన్సెలర్ పని ఇక్కడే మొదలవుతుంది. మనోవేదనను కౌన్సెలర్ బయటి నుంచి తీసివేయలేరు. సహాయార్థి తన బాధను తానే చూసుకొని, తానే అర్థం చేసుకోగలిగే పరిస్థితిని మాత్రం కల్పించగలరు. ఈ భాగంలో మనం ప్రధానంగా చర్చించే విషయం ఇదే.

9.2 రోజర్స్ దృక్పథం - నేపథ్యం

కార్ల్ రోజర్స్ (1902-1987) అమెరికాకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త. 1928లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరంలో, పిల్లల సమస్యలను పరిశీలించే ఒక సంస్థలో చేరి పన్నెండేళ్లు పనిచేశారు. నిపుణుడు సమస్యను కనిపెట్టి, దాని కారణాన్ని తల్లిదండ్రులకు వివరించి, మార్గం చూపాలన్నది అప్పటి పద్ధతి. రోజర్స్ కూడా మొదట అదే పద్ధతిని అనుసరించారు.

ఆయన ఆలోచనను మార్చిన ఒక సంఘటనను తరువాత తానే రాశారు. అల్లరి మితిమీరిన ఒక బాలుడి తల్లితో ఆయన చాలాసార్లు మాట్లాడారు. చిన్నతనంలో ఆమె ఆ బిడ్డను దగ్గరికి తీయకపోవడమే సమస్యకు మూలమని ఆయన అభిప్రాయం. ఈ సంగతి ఆమెకు తెలియజెప్పడానికి ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. చివరికి ఇక ఆపేద్దామని ఇద్దరూ అనుకున్నారు. తలుపు దాకా వెళ్లిన ఆమె వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామని ఆయన చెప్పగానే మళ్లీ వచ్చి కూర్చుని, తన దాంపత్య జీవితంలోని నిరాశను, తాను ఓడిపోయానన్న భావాన్ని చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె ఇచ్చిన వివరాలకూ ఈ మాటలకూ పోలిక లేదు. నిజమైన చికిత్స అప్పుడే మొదలైంది, చివరికి సఫలమైంది.

ఎక్కడ నొప్పి ఉందో, ఎటు వెళ్లాలో సహాయార్థికే తెలుసునని రోజర్స్ దీని నుంచి గ్రహించారు. 1942లో వెలువడిన "కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ" గ్రంథంలో ఆయన ఈ పద్ధతిని వివరించారు. దీన్ని మొదట అనిర్దేశక పద్ధతి అనేవారు. 1951 నాటి గ్రంథంతో సహాయార్థి కేంద్రిత చికిత్స అనే పేరు స్థిరపడింది. "రోగి" అనే మాటకు బదులు ఆయన "క్లయింట్" అనే మాటను ఎంచుకున్నారు. దాన్నే మనం ఇక్కడ సహాయార్థి అంటున్నాం. రోగి అంటే వైద్యం చేయించుకునే వ్యక్తి అన్న భావన ఉంటుంది. సహాయార్థి తన బాగులో తాను భాగస్వామి.

కౌన్సెలింగ్ సంభాషణలను యంత్రంపై రికార్డు చేసి, వాటిని పరిశోధనకు ఉపయోగించడంలో కూడా రోజర్స్ ముందున్నారు. నాలుగు గోడల మధ్య జరిగే పనిని ఇతరులు పరిశీలించి విమర్శించే అవకాశం దీనివల్ల కలిగింది.

9.3 కౌన్సెలర్‌కు ఉండవలసిన గుణాలు

వ్యక్తిత్వంలో మార్పు రావడానికి ఆరు పరిస్థితులు అవసరమని రోజర్స్ 1957లో ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. వాటిలో మూడు నేరుగా కౌన్సెలర్‌కు సంబంధించినవి.

(అ) యథార్థత: కౌన్సెలర్ లోపల ఒకటి, బయట ఒకటిగా ఉండకూడదు. విసుగును దాచుకొని చిరునవ్వు నటిస్తే సహాయార్థి పసిగడతారు. అయితే మనసులో ఉన్నదంతా బయటికి చెప్పేయడం యథార్థత కాదు. తనలో కలిగే భావాలను తాను గుర్తించడం, లేనిదాన్ని ఉన్నట్లు చూపకపోవడం యథార్థత.

(ఆ) షరతులు లేని ఆదరణ: "నువ్వు ఇలా ఉంటేనే నిన్ను గౌరవిస్తాను" అనే షరతు లేకుండా వ్యక్తిని స్వీకరించడం. మద్యం మానలేకపోతున్న వ్యక్తి చేసిన పనిని కౌన్సెలర్ సమర్థించనక్కరలేదు. ఆ పని కారణంగా ఆ వ్యక్తిని చిన్నచూపు చూడకూడదు.

(ఇ) సహానుభూతి: ఎదుటివారి లోకాన్ని వారి కళ్లతో చూడడం, అలా చూసినట్లు వారికి తెలియజేయడం. జాలి వేరు, సహానుభూతి వేరు. జాలిలో మనం గట్టున నిలబడి చూస్తాం. సహానుభూతిలో వారితోపాటు నీళ్లలోకి దిగుతాం, కాని కొట్టుకుపోం. ఇది నా బాధ కాదు, వారిది అన్న స్పృహ కౌన్సెలర్‌కు ఎప్పుడూ ఉండాలి.

9.4 ఒక ఉదాహరణ

కింది ఉదాహరణ కల్పితం. నలభై అయిదేళ్ల ఒక తల్లి కౌన్సెలర్ దగ్గరికి వచ్చింది. ఏడు నెలల క్రితం ఆమె కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆమెకు నిద్ర పట్టడం లేదు. కొంతసేపు మాట్లాడిన తరువాత ఆమె ఇలా అంది: "పొద్దున తెస్తానన్నాడు. బీపీ మాత్రలు అయిపోయాయని ఆ రాత్రి నేనే బండి మీద పంపించాను."

కౌన్సెలర్ ఇక్కడ నాలుగు విధాలుగా స్పందించవచ్చు.

1. "ఇందులో మీ తప్పేముందమ్మా? ఎలా రాసిపెట్టి ఉంటే అలా జరుగుతుంది."
2. "మీకు ఇంకో బిడ్డ ఉంది కదా. ఆ పిల్ల కోసమైనా గుండె దిటవు చేసుకోవాలి."
3. "అప్పుడు టైము ఎంతయింది? హెల్మెట్ పెట్టుకున్నాడా?"
4. "పొద్దున తెస్తానన్నవాణ్ణి నేనే పంపానే అన్న ఆలోచన మిమ్మల్ని వదలడం లేదు కదమ్మా."

మొదటిది ఓదార్పు. ఏడు నెలలుగా బంధువులందరూ ఆమెతో అంటున్న మాట అదే. "ఈ మాట ఇక ఎత్తవద్దు" అన్నట్లుగా అది ఆమెకు వినిపిస్తుంది. రెండవది సలహా. పోయిన బిడ్డ కోసం ఏడిస్తే ఉన్న బిడ్డకు అన్యాయం చేసినట్లే అన్న కొత్త బరువును అది మోపుతుంది. మూడవది విచారణ. ఆ వివరాలు ఆ క్షణంలో ఆమెకు అవసరం లేనివి. పైగా ఆమె దాన్ని నేరారోపణగా తీసుకోవచ్చు.

నాలుగవ స్పందనను జాగ్రత్తగా గమనించండి. తప్పు ఆమెదేనని కౌన్సెలర్ అనలేదు, కాదనీ అనలేదు. ఆమె మాటలోని బరువు తనకు అందిందని మాత్రమే తెలియజేశారు. అది విన్న తల్లి చాలాసేపు మౌనంగా ఉంది. కౌన్సెలర్ కూడా మౌనంగానే ఉన్నారు. తరువాత ఆమె, "ఈ సంగతి ఇంట్లో ఎవ్వరికీ చెప్పలేదమ్మా. వాళ్ల నాన్నకు తెలిస్తే నా మొహం చూస్తారా?" అంది. దుఃఖంతోపాటు భర్తకు దూరమైపోతానన్న భయం కూడా ఆమెను తినేస్తోందని ఇప్పుడు బయటపడింది. మొదటి మూడు స్పందనలలో దేనికైనా ఈ మాట బయటికి రావడం కష్టం.

కొన్ని వారాల తరువాత అదే తల్లి, "మాత్రలు తెమ్మన్నాను గానీ, ఎదురుగా లారీ అలా వస్తుందని నాకేం తెలుసు?" అని తానే అనవచ్చు. అర్థంలో ఇది మొదటి ఓదార్పుకు దగ్గరగానే ఉంది. కాని అది ఇతరులు చెప్పిన మాట, ఇది ఆమె తనంతట తాను చేరుకున్న మాట. కోలుకోవడంలో ఈ తేడాకే విలువ ఎక్కువ. ఇందుకు ఎంత కాలం పడుతుందో కౌన్సెలర్ ముందుగా నిర్ణయించకూడదు.

సహాయార్థి మాటలను చిలకలా తిరిగి చెప్పడం సహానుభూతి కాదని కూడా గుర్తుంచుకోండి. మాట వెనుక ఉన్న భావాన్ని పట్టుకోవాలి. పొరబడితే వారే సరిదిద్దుతారు. "బాధ కాదమ్మా, కోపం" అని సహాయార్థి అనగలిగితే ఆ సంబంధం సరైన దారిలో ఉన్నట్లే.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
(i) జాలికీ సహానుభూతికీ గల తేడాను రెండు వాక్యాల్లో రాయండి.
(ii) పై ఉదాహరణలోని రెండవ స్పందన వల్ల కలిగే నష్టం ఏమిటి?

9.5 కోలుకోవడంలో దశలు

హింస, దౌర్జన్యం వంటి తీవ్రమైన గాయాలకు గురైనవారితో పనిచేసేటప్పుడు ఒక క్రమం అవసరం. అమెరికన్ సైకియాట్రిస్టు జూడిత్ హెర్మన్ 1992లో వెలువడిన "ట్రామా అండ్ రికవరీ" గ్రంథంలో మూడు దశలను వివరించారు.

మొదటిది భద్రత. కొడుతున్న భర్త ఉన్న ఇంటికే రోజూ తిరిగి వెళ్లే స్త్రీని పాత గాయాల గురించి తవ్వి అడగడం సరికాదు. ముందు ఆమెకు రక్షణ, నిద్ర, తిండి, తోడు కావాలి. రెండవది జ్ఞాపకం, శోకం. జరిగినదాన్ని తన మాటల్లో, తనకు వీలైన వేగంతో చెప్పుకోవడం, పోగొట్టుకున్నదాని కోసం దుఃఖించడం ఈ దశలో జరుగుతాయి. మూడవది తిరిగి జీవితంతో కలవడం. మనుషులతో, పనితో, రేపటి ఆశలతో సంబంధాలు మళ్లీ ఏర్పడతాయి.

ఈ దశలు మెట్ల వలె ఒకదాని తరువాత ఒకటి సాఫీగా సాగవు. సంవత్సరీకం దగ్గరపడినప్పుడో, ఒక పెళ్లి పందిట్లోనో పాత దుఃఖం తిరిగి రావచ్చు. అది చికిత్స విఫలమైనట్లు కాదని సహాయార్థికి ముందే చెప్పడం మేలు.

9.6 పరిమితులు - మన సమాజం

మూడు గుణాలతో కూడిన సంబంధం అవసరమని చాలామంది నిపుణులు అంగీకరిస్తారు. అది ఒక్కటే చాలునన్న రోజర్స్ వాదనపై మాత్రం విమర్శలు ఉన్నాయి. ఉదాహరణకు, ఆరన్ బెక్ అభివృద్ధి చేసిన సంజ్ఞానాత్మక చికిత్సలో ఆలోచనల తీరును పరీక్షించి మార్చుకోవడానికి నిర్దిష్టమైన అభ్యాసాలు ఉంటాయి.

మరొక ప్రశ్న మన సమాజానికి సంబంధించినది. మన దగ్గర సహాయార్థి తరచుగా "ఏం చేయమంటారో మీరే చెప్పండి" అని అడుగుతారు. పెద్దవారు దారి చూపాలన్న అపేక్ష ఇందులో ఉంది. భారతీయ సైకియాట్రిస్టు జె.ఎస్. నేకీ 1973లో రాసిన వ్యాసంలో గురుశిష్య సంబంధాన్ని చికిత్సా సంబంధానికి నమూనాగా తీసుకోవచ్చునేమో పరిశీలించారు. కాబట్టి అడిగిన ప్రతిసారీ ప్రశ్నను తిప్పికొట్టడం మన సందర్భంలో నిర్లక్ష్యంగా కనిపించవచ్చు. అవసరమైన సమాచారం ఇవ్వడం, ఉన్న మార్గాలను ముందు పెట్టడం తప్పు కాదు. నిర్ణయం మాత్రం సహాయార్థిదే కావాలి.

9.7 గోప్యత - నిపుణుల వద్దకు పంపడం

చెప్పిన మాట బయటికి పోదన్న నమ్మకం లేనిదే ఎవరూ మనసు విప్పరు. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి గోప్యత హక్కును కల్పించింది. ప్రాణాపాయాన్ని నివారించడానికి, లేదా మరొకరికి హాని జరగకుండా చూడడానికి అవసరమైనంత సమాచారాన్ని మాత్రం వెల్లడించవచ్చు. ఈ మినహాయింపులను సహాయార్థికి మొదటి సమావేశంలోనే చెప్పడం మంచి పద్ధతి.

ఆత్మహత్య ఆలోచనలు, లేని మాటలు వినిపించడం, రోజుల తరబడి తిండి నిద్ర లేకపోవడం వంటివి కనిపిస్తే సైకియాట్రిస్టు వద్దకు పంపాలి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, నెమ్మదిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఈ పాఠం చదివినంత మాత్రాన ఎవరూ కౌన్సెలర్ కాలేరు. దానికి పర్యవేక్షణలో శిక్షణ కావాలి. అయితే ఉపాధ్యాయులుగా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా, ఇంట్లో మనిషిగా మీ దగ్గరికి వచ్చినవారి మాటను మధ్యలో తుంచకుండా వినడం ఈ రోజు నుంచే సాధన చేయవచ్చు.

9.8 సారాంశం

మనోవేదనకు కౌన్సెలర్ బయటి నుంచి పరిష్కారం ఇవ్వరు. యథార్థత, షరతులు లేని ఆదరణ, సహానుభూతి గల సంబంధంలో సహాయార్థి తన బాధను తానే అర్థం చేసుకుంటారు. తీవ్రమైన గాయాల విషయంలో భద్రత, జ్ఞాపకం - శోకం, జీవితంతో తిరిగి కలవడం అనే క్రమాన్ని పాటించాలి. గోప్యతను, దాని హద్దులను ముందే స్పష్టం చేయాలి. తన శక్తికి మించిన సందర్భాల్లో నిపుణుల వద్దకు పంపడం కూడా కౌన్సెలర్ బాధ్యతే.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. సహాయార్థి కేంద్రిత పద్ధతిలో కౌన్సెలర్‌కు ఉండవలసిన గుణాలను ఉదాహరణలతో వివరించండి.
2. మన సమాజంలో అనిర్దేశక పద్ధతిని పాటించడంలో ఎదురయ్యే సమస్యలను చర్చించండి.

II. కింది వాటికి 15 పంక్తులలో జవాబులు రాయండి.
1. హెర్మన్ వివరించిన మూడు దశలు ఏవి?
2. గోప్యతకు గల మినహాయింపులను తెలపండి.

III. అభ్యాసం: ఈ వారం ఎవరైనా మీతో బాధ చెప్పుకున్నప్పుడు మీరు ఇచ్చిన మొదటి స్పందనను, వారి పేరు, వివరాలు లేకుండా రాసుకోండి. 9.4లోని నాలుగింటిలో అది ఏ రకానికి చెందుతుందో గుర్తించండి.